ఇతరములు

మా బడిపిల్లల్లో చాలామంది వలస ఇళ్ల పిల్లలు. నారాయణఖేడ్, కంగ్టి వైపు తండాల్లో ఎకరమో రెండెకరాలో ఉండి, వాన లేక, పటాన్‌చెరు చుట్టూ ఉన్న కంపెనీలకు వచ్చిన కుటుంబాలు. తండ్రి కాంట్రాక్టు కింద రాత్రి షిఫ్టు, తల్లి మేస్త్రీ దగ్గర మట్టి పని. ఇస్నాపూర్, ముత్తంగి వైపు రేకుల రూముల్లో కిరాయికి ఉంటారు. వాళ్లకు చదువు చెప్పడం మా పని. కానీ టీచరన్నాక దరఖాస్తులు రాయడం కూడా మా పనే అయిపోతుంది. ఈ వ్యాసం అలాంటి ఒక దరఖాస్తు నుంచే మొదలవుతున్నది.

చలికాలంలో ఒక పొద్దున ఒక తల్లి మా దగ్గరకు వచ్చింది. రాత్రి పన్నెండు దాటాక వాసన వస్తున్నదనీ, చిన్నోడు దగ్గి దగ్గి కక్కుకుంటున్నాడనీ చెప్పింది. "సారూ, ఫోన్లనే కంప్లయింట్ పెట్టొచ్చంట గద, జర పెట్టుండ్రి" అంది. మేము ఒక ఫిర్యాదు యాప్ దించుకున్నాం. పేరు, ఫోన్ నంబరు, ఓటీపీ, వార్డు నంబరు, ఇంటి నంబరు. ఆమె రూముకు ఇంటి నంబరు లేదు, ఓనరు నంబరు వేశాం. తర్వాత సమస్య రకం ఎంచుకోమంది. రోడ్డు, డ్రైనేజీ, వీధి దీపం, చెత్త, మంచినీళ్లు, కుక్కలు, ఇతరములు. ఆమె మా భుజం మీదుగా చూస్తూ, వాసన ఇందులో ఏదవుతది అని అడిగింది. ఇతరములు నొక్కాం.

ఆమె పది నిమిషాలు చెప్పింది. వాసన ఎన్నిటికి మొదలవుతుందో, గాలి ఎటు తిరిగితే ఎక్కువో, వాన పడ్డ మర్నాడు వాగు నీళ్ల రంగు ఎట్లుంటుందో, ఆదివారం రాత్రి ఎందుకు ఎక్కువని తాను అనుకుంటున్నదో. సగం తెలుగులో, సగం గోర్ బోలిలో చెప్పింది. గడిలో మాత్రం రెండు వాక్యాలకే చోటుంది. మేము ఇలా రాశాం: "రాత్రి వేళల్లో దుర్వాసన వచ్చుచున్నది. తగు చర్య తీసుకోగలరు." మూడో రోజు మెసేజి వచ్చింది. ఫిర్యాదు సంబంధిత శాఖకు పంపబడినది, పరిష్కరించబడినది, మా సేవకు ఎన్ని చుక్కలు ఇస్తారు అని.

వాసన ఆ రాత్రీ వచ్చింది.

ఇందులో మా తప్పు కూడా ఉంది. ఆమె చెప్పిందాంట్లో సాక్ష్యం ఉంది, లెక్క ఉంది, అనుమానం ఉంది. మేము దాన్ని ఆఫీసు భాషలోకి దించి చంపేశాం. గడి చిన్నది కాబట్టి అని సమాధానం చెప్పుకోవచ్చు. కానీ గడి పెద్దగా ఉన్నా బహుశా అలాగే రాసేవాళ్లం. దరఖాస్తు అంటే అలాగే రాయాలని మాకు నేర్పారు, మేమూ పిల్లలకు అదే నేర్పుతున్నాం.

ఇప్పుడు ప్రభుత్వాలూ స్వచ్ఛంద సంస్థలూ ప్రజల గొంతు కోసం ఆన్‌లైన్ వేదికలు అని గట్టిగా మాట్లాడుతున్నాయి. కేంద్రం 2014 జులైలో మైగవ్ మొదలుపెట్టింది. పర్యావరణ అనుమతుల కోసం 2018 ఆగస్టులో పరివేశ్ పోర్టల్ వచ్చింది. వీటిని మెచ్చుకుంటూ రాసిన వ్యాసాలు మా టీచర్ల శిక్షణల్లో కూడా చదివించారు. వాటిలో చాలావరకు ఒకటే మాట: జనం చేతికి ఫోన్ వచ్చింది, ఇక ప్రజాస్వామ్యం చేతికి వచ్చినట్టే. మా విమర్శ ఆ మాట మీద. ఫోన్ మీద మాకు పగ లేదు. ఎవరి మాట ఏ గడిలో పడాలి, పడ్డాక దానికి ఎవరు జవాబు చెప్పాలి అన్నది వేదికను కట్టేటప్పుడే తేలిపోతుంది. ఆ కట్టేవాళ్ల మధ్య మనవాళ్లు లేరు.

ఆన్‌లైన్ కంటే ముందు, ఈ పారిశ్రామిక ప్రాంతంలో జనం మాట చట్టప్రకారం వినాల్సిన వేదిక ఒకటి ఉంది. అదే ప్రజాభిప్రాయ సేకరణ. 2006 సెప్టెంబర్ 14న వచ్చిన పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్‌లో దాని పద్ధతి రాసి ఉంది. మేము దాన్ని కూర్చుని చదివాం. టీచర్లందరూ ఒకసారి చదవాలి, కష్టమైన ఇంగ్లిషు కాదు. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలో ఉండాలి. కలెక్టరు గానీ ఆయన తరఫున తగిన హోదా ఉన్న అధికారి గానీ సభ నడపాలి. వచ్చిన ప్రతి ఒక్కరికీ కంపెనీని ప్రశ్న అడిగే అవకాశం ఇవ్వాలి. సభ అంతా వీడియో తీయాలి. చివర్లో ఒక నియమం ఉంది, మాకు అన్నిటికంటే అది నచ్చింది: ఎవరెవరు ఏమన్నారో రాసుకున్నదాన్ని సభ ముగిసేముందు అక్కడున్న జనానికి వాళ్ల భాషలో చదివి వినిపించాలి. ఆ తర్వాతే అదే రోజు సంతకం.

తిరిగి చదివి వినిపించడం చిన్న విషయంలా కనబడుతుంది. మా బడిలో పిల్లలతో డిక్టేషన్ చేయించినప్పుడు మేము అదే చేస్తాం. నువ్వు రాసింది నేను చెప్పిందేనా అని సరిచూసుకునే పద్ధతి అది. ఆ తల్లి చెప్పిన పది నిమిషాల మాట రెండు వాక్యాలు అయినప్పుడు, ఆమెకు తిరిగి చదివి వినిపించి ఉంటే, "నేను చెప్పింది ఇది కాదు సారూ" అనేది. మేము వినిపించలేదు. ఆ యాప్ కూడా వినిపించమని మమ్మల్ని అడగలేదు.

అయితే ఈ సభను గొప్ప చేసి చెప్పడం మా ఉద్దేశం కాదు. ఆ నోటిఫికేషనే, ముందే ఆమోదం పొందిన ఇండస్ట్రియల్ ఎస్టేట్ లోపల వచ్చే ప్రాజెక్టులకు సభ అవసరం లేదని మినహాయింపు ఇచ్చింది. అంటే కంపెనీలు ఎక్కువగా ఉన్నచోటే, కొత్త కంపెనీ గురించి జనాన్ని అడిగే అవసరం తక్కువ. కోవిడ్ వచ్చాక 2020 మార్చి 27న కేంద్రం మరో సవరణ చేసింది. కోవిడ్‌కూ అలాంటి లక్షణాలున్న జబ్బులకూ వాడే బల్క్ డ్రగ్స్ ప్రాజెక్టులను కొంతకాలం సభ అక్కర్లేని వర్గంలో చేర్చింది. మందులు కావాలి, నిజమే. కానీ మందుల ముడిసరుకు తయారయ్యే నేల మీద బతికేవాళ్లకు ఆ సవరణ ఎలా వినిపించి ఉంటుందో ఆలోచించండి. వాళ్లు అప్పటికే 30 ఏళ్లుగా చెబుతూ వచ్చారు. పటాన్‌చెరు కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. నక్కవాగు నీళ్ల గురించి రైతులు చెప్పని సభ లేదు. 2007లో స్వీడన్ పరిశోధకులు, ఇక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని అచ్చువేశాకే ప్రపంచం ఇటు చూసింది. రైతు ముక్కు, పశువు కడుపు చెప్పింది వాసన అనిపించుకుంటే, ప్రయోగశాల చెప్పింది ఆధారం అనిపించుకుంది. ప్రయోగశాల వద్దని కాదు. వాసన చెప్పిన వాళ్ల దగ్గర ఆ రోజే నమూనా తీసుకునే ఏర్పాటు ఉండి ఉంటే ఇన్నేళ్లు పట్టేదా అని మా ప్రశ్న.

ఇక సభలు నిజంగా నడిచే తీరు గురించి వికారాబాద్ జిల్లా లగచర్ల మనకు చెప్పింది. 2024 నవంబర్ 11న ఫార్మా పరిశ్రమ భూసేకరణ మీద అభిప్రాయం అడగడానికి అధికారులు సభ పెట్టిన చోటు ఒకటి, జనం కూర్చున్నది మరొక చోట. తర్వాత దాడి, అరెస్టులు, జైలు, ఆ పక్క తండాల లంబాడా ఆడవాళ్లు ఢిల్లీ దాకా పోవడం అన్నీ మీకు తెలిసినవే. దాడిని మేము సమర్థించం. కానీ సభ ఎక్కడ పెట్టాలన్నది కూడా సభలో సగం అని ఆ రోజు తేలింది. ఆన్‌లైన్ వేదికలోనైనా ఇదే ప్రశ్న. జనం కూర్చునే చోట కాకుండా వేరే చోట కట్టి, వాళ్లు రాలేదు అంటే ఎలా?

భాష సంగతి చూద్దాం. 2020లో కేంద్రం ఆ 2006 నోటిఫికేషన్ స్థానంలో కొత్త ముసాయిదా తెచ్చింది. అభిప్రాయాలు ఈమెయిల్‌లో పంపమంది. ముసాయిదా ఉన్నది ఇంగ్లిషు, హిందీల్లోనే. ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న, దాన్ని ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి తెమ్మని చెప్పి, గడువును ఆగస్టు 11 దాకా పెంచింది. మంచి తీర్పు. లక్షల కొద్దీ ఈమెయిళ్లు పోయాయి. కానీ ఆ 22లో మన భాషలు వెతకండి. సంతాలీ ఉంది, బోడో ఉంది. గోండి లేదు, కోయ లేదు, కువి లేదు, గోర్ బోలి లేదు. ఎవరి ఊళ్లలో గనులు, ఫ్యాక్టరీలు ఎక్కువ వస్తాయో వాళ్ల భాషల్లో చాలావరకు లేవు. తెలుగులోకి తెస్తే మనకు చాలు అనేవాళ్లున్నారు. మాకు చాలు, మేము డైట్‌లో చదివాం. మా అమ్మకు చాలదు.

ఇక్కడ మన జిల్లాలోనే జరిగిన ఒక పని గుర్తు చేయాలి. జహీరాబాద్ దగ్గర ఆల్గోల్‌లో 2001 జూన్ చివర్లో ప్రజాతీర్పు అని ఒక కార్యక్రమం జరిగింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విజన్ 2020 అని పెట్టుకుంది. వ్యవసాయం మీద బతికేవాళ్లు 70 శాతం నుంచి 40 శాతానికి తగ్గాలని అందులో లక్ష్యం. ఆ భవిష్యత్తు మీకు కావాలా అని చిన్న రైతులనే అడుగుదామని అనుకున్నారు. రాష్ట్రం నలుమూలల నుంచి వచ్చిన చిన్న, సన్నకారు రైతులతో 19 మంది జ్యూరీ. మూడింట రెండు వంతులకు పైగా ఆడవాళ్లే. వాళ్లలో ఆదివాసీలు కూడా ఉన్నారు. వాళ్ల ముందు మూడు రకాల భవిష్యత్తులు పెట్టారు: విజన్ 2020 చెప్పినది, ఎగుమతి కోసం సేంద్రియ సాగు, ఊరు తన కాళ్ల మీద తాను నిలబడే పద్ధతి. ప్రభుత్వం వైపు, కంపెనీల వైపు, విశ్వవిద్యాలయాల వైపు మనుషులు సాక్షులుగా వచ్చి జ్యూరీ ముందు కూర్చుని మాట్లాడారు. జ్యూరీ వాళ్లను ప్రశ్నలడిగింది. రోజుల తరబడి విని, అడిగి, తమలో తాము వాదించుకుని తీర్పు చెప్పింది. ఉన్న మూడింటిలో ఒకటి టిక్కు పెట్టాలన్న నిబంధన లేదు, ఏ ముక్క కావాలో ఏది వద్దో కలిపి తమ సొంత బొమ్మ గీసుకోవచ్చు. పొలం నుంచి మనుషులను బయటికి నెట్టడం, జన్యుమార్పిడి పంటలు, కాంట్రాక్టు సేద్యం వద్దన్నారు. విత్తనం, అడవి, నీరు ఊరి చేతిలో ఉండాలన్నారు.

మనం ఇన్నేళ్లుగా విన్న 'పార్టిసిపేషన్' అన్న మాటకు మేము చూసిన వాటిలో ఇదే దగ్గర అర్థం. ఎందుకంటే ఇక్కడ జనం ఫిర్యాదుదారులు కారు, ప్రశ్నించేవాళ్లు. పెద్ద చదువులవాళ్లు సాక్షి కుర్చీలో, చేను దున్నేవాళ్లు న్యాయమూర్తి కుర్చీలో. ఒక మనిషి విషయం అర్థం చేసుకుని అభిప్రాయం మార్చుకోవడానికి రోజులు కావాలి, భోజనం కావాలి, పిల్లలను చూసుకునేవాళ్లు కావాలి, పోయిన కూలి డబ్బు కావాలి అని ఈ కార్యక్రమం చూస్తే తెలుస్తుంది. మనవాళ్లు ఆన్‌లైన్‌లో పాల్గొనడం లేదు అని రాసేవాళ్లు ఈ ఖర్చు ఎవరు పెట్టారని ఎప్పుడూ అడగరు.

ప్రజాతీర్పుకు కూడా ఒక పెద్ద లోటు ఉంది. ఆ తీర్పుకు జవాబు చెప్పాల్సిన బాధ్యత ఎవరి మీదా లేదు. రాష్ట్రానికి డబ్బు ఇస్తున్న బ్రిటిష్ ప్రభుత్వ సహాయ సంస్థ ఆ పద్ధతినీ, జ్యూరీని ఎంచుకున్న తీరునూ తప్పుబట్టింది. వాదన అంతా ఇంగ్లండులో, ఇంగ్లిషులో, పండితుల మధ్య నడిచింది. తీర్పు చెప్పిన ఆడవాళ్లు ఊళ్లకు వెళ్లి నాట్లు వేసుకున్నారు. అంటే ఒకచోట చట్టం ఉంది, చర్చకు సమయం లేదు. ఇంకోచోట చర్చ ఉంది, చట్టం లేదు. యాప్‌లో రెండూ లేవు. ఒక నంబరు మాత్రం ఇస్తుంది.

మరి ఫోన్ మీద మంచి వేదిక కట్టలేమా? కట్టారు, మన పక్కనే, ఛత్తీస్‌గఢ్‌లో. 2010లో మొదలైన సీజీనెట్ స్వర గురించి మీలో కొందరికి తెలిసే ఉంటుంది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, అక్షరాలు అక్కర్లేదు. మామూలు ఫోన్ నుంచి కాల్ చేసి, తన గొంతుతో, తన భాషలో, గోండిలో కూడా చెప్పొచ్చు. రేషను రాలేదనో, బోరింగు పాడయిందనో, టీచరు రావడం లేదనో. (అవును, మన మీద కూడా చెబుతారు. చెప్పనివ్వాలి.) మనుషులు దాన్ని విని, సరిచూసి పెడతారు. ఎవరైనా ఫోన్ చేసి వినొచ్చు. ఆ పని చూడాల్సిన అధికారి ఫోన్ నంబరు కూడా అందులోనే చెబుతారు, విన్నవాళ్లు ఆయనకు ఫోన్ చేస్తారు. పని అయితే, అయ్యిందని చెప్పేది మొదట ఫిర్యాదు చేసిన మనిషే. 'పరిష్కరించబడినది' అన్న ముద్ర ఆఫీసు చేతిలో లేదు. మా దృష్టిలో ఈ ఒక్క మార్పు వంద యాప్‌ల కంటే పెద్దది. దానికీ కష్టాలున్నాయి: డబ్బు, సరిచూసే మనుషులు, కాల్ ఖర్చు. అయినా గొంతును అక్షరంగా మార్చే బాధ్యత పేదవాడి మీద పెట్టలేదు. మన జిల్లాలోనే మాచనూర్‌లో 2008 నుంచి దళిత మహిళలు సంఘం రేడియో నడుపుతున్నారు. మైకు వాళ్లదే, భాష వాళ్లదే. కొత్త వేదికలు గీసేవాళ్లు ఒక రోజు అక్కడికి వెళ్లి కూర్చోవచ్చు, బస్సు కూడా ఉంది.

తైవాన్ గురించి ఎక్కువ చెబుతారు కాబట్టి రెండు మాటలు. అక్కడ 2015లో ఉబర్ టాక్సీల వివాదం మీద పోలిస్ అన్న వేదిక వాడారు. దాంట్లో ఒకరి మాటకు ఇంకొకరు బదులు రాసే వీలు లేదు. ఒప్పుకుంటాను, ఒప్పుకోను, వదిలేస్తాను అంతే. తిట్టుకోవడానికి చోటు లేక, ఏయే మాటల మీద రెండు గుంపులూ కలుస్తున్నాయో తేలింది. తెలివైన పని. మన వాట్సాప్ గ్రూపులు చూసేవాళ్లకు దాని విలువ తెలుస్తుంది. కానీ అది చదవడం వచ్చినవాళ్ల మధ్య చర్చ. దాన్ని తెచ్చి ఇక్కడ పెడితే రూము ఓనర్లు, అపార్టుమెంట్ అసోసియేషన్లు మాట్లాడతాయి, కంపెనీ గోడ పక్క రేకుల రూములో ఉన్నవాళ్లు 'వదిలేస్తాను' కింద కూడా రారు.

ఎందుకంటే అసలు ఇక్కడ 'స్థానికుడు' ఎవరు? 2006 నోటిఫికేషన్ సభను ప్రభావితమయ్యే స్థానికుల కోసం పెట్టింది. యాప్ వార్డు నంబరు అడుగుతుంది. మన తండా మనిషికి ఓటు కంగ్టిలో, ఊపిరి పాశమైలారంలో. బీహార్, ఒడిశా నుంచి వచ్చినవాళ్లది ఇంకా దూరం. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలినప్పుడు 40 మందికి పైగా చనిపోయారు. చాలామంది వేరే రాష్ట్రాల కూలీలు. ఎవరు ఎవరో డీఎన్ఏ పరీక్షలతో గుర్తుపట్టాల్సి వచ్చింది. చనిపోయాక రక్తంతో గుర్తుపట్టిన మనుషులను, బతికుండగా ఏ వేదిక ఈ చోటి మనుషులుగా గుర్తించింది? ఇదే కాలంలో ఇస్నాపూర్ లాంటి ఊళ్లు మున్సిపాలిటీలు అయ్యాయి. రోడ్లకు డబ్బొస్తుందని అందరూ సంతోషించారు, మేమూ సంతోషించాం. కానీ పంచాయతీ పోయినచోట గ్రామసభ కూడా పోయింది. చేతులెత్తి అడిగే ఒక రోజు పోయి, దాని చోట ఒక యాప్ వచ్చింది. అటు 2018 చట్టంతో మన తండాలు చాలా పంచాయతీలయ్యాయి. అక్కడ సభ ఉంది, కానీ సభకు రావాల్సిన పడుచువాళ్లంతా ఇక్కడ షిఫ్టులో ఉన్నారు.

మన పాత పద్ధతులను చూపి గర్వపడేవాళ్లు కూడా మనలో ఉన్నారు. తండాలో నాయక్, డావ్, కార్భారి కూర్చుని పంచాయితీ చేస్తే అందరి మాట వినేవారని అంటారు. అందరి మాట వినలేదు. ఆడవాళ్ల గురించి తీర్పులు చెప్పారు, ఆడవాళ్లను మాట్లాడనివ్వలేదు. కూర్చునే చోటు గుండ్రంగా ఉన్నంత మాత్రాన సమానం కాదు. కానీ ఆ పంచాయితీలో ఒకటి మాత్రం ఉండేది: ఎవరి మీద మాట వచ్చిందో ఆ మనిషి ఎదురుగా కూర్చోవాలి. మధ్యలో లేచి పోవడానికి లేదు. యాప్‌లో మాకు కనబడనిది ఆ మనిషే.

ఈ రాత రాస్తూ ఏడో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాం. ఆ ఫిర్యాదు యాప్‌లో ఉన్న రకాల జాబితాను కాగితం మీద రాసిచ్చి, మీరైతే ఏం రకాలు పెడతారు అని అడిగాం. కుక్కలు ఉంచారు, రోడ్డు ఉంచారు. వాసనను ఒక రకంగా పెట్టాలా, నాలుగుగా పెట్టాలా అని వాదించుకున్నారు. ఎందుకంటే కుళ్లిన గుడ్డు వాసన వేరు, గోళ్ల రంగు వాసన వేరు, కాలిన ప్లాస్టిక్ వాసన వేరు, పేరు తెలియనిది ఒకటి. 'సైరన్ మోగింది, ఎందుకో చెప్పలేదు' అని ఒక రకం పెట్టారు. 'నాన్న డ్యూటీ నుంచి రాలేదు' అని ఒకటి. వార్డు నంబరు గడి తీసేసి, 'ఇప్పుడు ఎక్కడ ఉన్నారు' అని పెట్టారు. చివర్లో ఒక అమ్మాయి, రాయడం రానివాళ్ల కోసం మైకు బొమ్మ గీసింది. దాని కింద ఏ భాష అని రాయాలో తెలియక మా దగ్గరకు వచ్చింది. అన్ని భాషలూ రాయమన్నాం. తరగతిలో ఎన్ని భాషలున్నాయో లెక్కపెట్టడం మొదలుపెట్టారు. తెలుగు, గోర్ బోలి, హిందీ, ఒడియా, భోజ్‌పురి, ఉర్దూ, మరాఠీ దాకా వచ్చేసరికి గంట కొట్టారు.